సౌర పలకలకూ ఏటా లైఫ్ సర్టిఫికెట్ కావాలి



కొంతకాలంగా మన సంఘం నెలవారీ సమావేశాల్లో డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల సంగతి అయిపోగానే వినిపిస్తున్న మాట 'సోలార్'. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్యఘర్ పథకాన్ని ప్రారంభించింది. అందులో మొదటి 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేల రూపాయల చొప్పున, 3 కిలోవాట్లకు గాని అంతకు మించిన వాటికి గాని మొత్తం 78 వేల రూపాయల సబ్సిడీ ప్రకటించారు. దానితో మన సభ్యుల్లో చాలామంది మిద్దెల మీద సౌర పలకలు పెట్టించుకున్నారు. కొందరు కమ్యుటేషన్ సొమ్ములో మిగిలినది తీసి పెట్టారు. కొందరు బ్యాంకు లోను తీసుకున్నారు. కొందరికి పిల్లలు పంపారు. ఏ రకంగా చూసినా అది ముసలితనానికి దాచుకున్న డబ్బే.

పలకలు అమర్చేవారు పోతూ పోతూ చెప్పే మాట ఒకటుంది: "సార్, ఇంక 25 ఏళ్ళ దాకా మీరు పైకి ఎక్కి చూడనక్కరలేదు." విద్యుత్ మీటర్ల పరీక్షా విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ణి కనుక ఈ మాట నాకు మింగుడుపడలేదు. చూడనక్కరలేని యంత్రం నా సర్వీసులో నాకు తగల్లేదు. ఈ 25 ఏళ్ళ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందామని నాలుగేళ్ళుగా దొరికినదల్లా చదివాను. చదివాక తెలిసిందేమంటే, సౌర పలకలు అన్నేళ్ళు బతకడం నేర్చుకున్నది ఎవరో ఒకరు ఎండలో నిలబడి వాటిని పదే పదే చూడబట్టే. ఆ చూడటం చరిత్రనే ఈ ప్రత్యేక సంచికకు వ్యాసంగా రాస్తున్నాను.

పుట్టుక

వెలుతురు నుంచి విద్యుత్తు పుడుతుందని 1839లో ఫ్రాన్సు దేశస్థుడు ఎడ్మండ్ బెకెరెల్ కనుగొన్నాడు. అప్పటికి ఆయన వయస్సు 19 సంవత్సరాలు. తర్వాత వందేళ్ళకు పైగా అది ప్రయోగశాలలో వింతగానే ఉండిపోయింది. 1954 ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో డారిల్ చాపిన్, కాల్విన్ ఫుల్లర్, జెరాల్డ్ పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్‌తో చేసిన సౌర ఘటాన్ని లోకానికి చూపించారు. దానిమీద పడిన ఎండలో సుమారు 6 శాతం విద్యుత్తుగా మారింది. మరుసటి ఏడు, 1955లో, జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ అనే ఊళ్ళో ఒక పల్లె టెలిఫోను లైనుకు వాటిని బిగించి చూశారు. పని చేసింది గాని, ఖరీదు కిట్టుబాటు కాలేదు.

1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహం సౌర ఘటాలతో ఆకాశానికి వెళ్ళింది. అందులోని మామూలు బ్యాటరీ కొద్ది వారాల్లోనే అయిపోయింది. సౌర ఘటాలతో నడిచే ట్రాన్స్‌మిటరు మాత్రం 1964 దాకా సంకేతాలు పంపింది. సౌర విద్యుత్తును ఒకసారి పెట్టేసి మరచిపోవచ్చు అనే నమ్మకానికి ఇలాంటివే దోహదం చేసి ఉంటాయని నా అభిప్రాయం. కాని ఆకాశంలో దుమ్ము లేదు, వాన లేదు, కాకి లేదు, కోతి లేదు, ఉప్పునీళ్ళ బోరు అసలే లేదు. భూమి మీదికి దిగాక సౌర పలక బతుకు మారిపోయింది.

ఎడారి పాఠాలు

1973లో చమురు ధరలు మండిపోయినప్పుడు అమెరికా ప్రభుత్వం సౌరశక్తి వైపు గట్టిగా చూసింది. అదే ఏడాది డెలావేర్ విశ్వవిద్యాలయం వారు 'సోలార్ వన్' అనే ఇల్లు కట్టి కప్పు మీద సౌర ఘటాలు అమర్చారు. ఇంటికప్పు మీదికి సౌర విద్యుత్తు ఎక్కిన తొలి ఉదాహరణల్లో అదొకటి.

1975లో కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి ఒక పెద్ద పని అప్పగించారు. చౌకగా, గట్టిగా ఉండే పలకలు తయారు చేయించడం ఆ పని. వారు ఎంచుకున్న పద్ధతి మన పర్చేజు సెక్షను వాళ్ళకు బాగా అర్థమవుతుంది. కంపెనీల నుంచి పలకలను విడతలు విడతలుగా కొన్నారు. ప్రతి విడతలో వచ్చిన లోపాలను రాసుకుని, తర్వాతి విడత స్పెసిఫికేషన్‌లో ఆ లోపాన్ని పట్టే కొత్త పరీక్ష చేర్చారు. 1986 వరకు ఇలా 5 విడతలు నడిచాయి. మొదటి కాలపు పలకల్లో కొన్నిటికి పైన గాజు ఉండేది కాదు, రబ్బరు వంటి సిలికోన్ పూత ఉండేది. అది జిగురుగా ఉండి దుమ్మును పట్టుకుని వదిలేది కాదు. చూసినవాళ్ళు ఆ సంగతి రాశారు. గాజు కప్పడం వాడుకలోకి వచ్చింది. నీడ పడిన ఒక్క ఘటం మిగతా ఘటాల కరెంటుకు అడ్డుపడి కాలిపోతున్నదని తేలింది. దాన్ని తప్పించి కరెంటును పక్కదారిన పంపే బైపాస్ డయోడ్లు వచ్చాయి. వడగండ్ల దెబ్బకు పగులుతున్నాయని తేలింది. మంచు గుండ్లతో కొట్టి చూసే పరీక్ష వచ్చింది.

ఆ రోజుల్లోనే, 1978 డిసెంబరులో, అరిజోనా ఎడారిలోని షుచులి అనే చిన్న గిరిజన గ్రామానికి నాసా వారు 3.5 కిలోవాట్ల సౌర కేంద్రం పెట్టారు. 15 కుటుంబాల ఊరు అది. మంచినీళ్ళ పంపు, దీపాలు, రిఫ్రిజిరేటర్లు, బట్టలుతికే యంత్రం, ఒక కుట్టుమిషను దానిమీద నడిచాయి. ఈనాడు మనలో ఒక్కొక్కరి మిద్దె మీద ఉన్నంత సామర్థ్యంతో ఆ రోజు ఒక ఊరే నడిచిందన్నమాట. అనంతపురం ఎండలో కూర్చుని ఇది చదివినప్పుడు ఆ ఊరివాళ్ళు నాకు చుట్టాల్లా తోచారు.

గోధుమరంగు తెర

అసలు గుణపాఠం మాత్రం కాలిఫోర్నియాలోని కారిసా మైదానంలో వచ్చింది. అది ఎండ ఎక్కువ, వాన తక్కువ ఉన్న చోటు. 1983 నుంచి 1985 మధ్య అక్కడ సుమారు 5 మెగావాట్ల సౌర కేంద్రం కట్టారు. ఆ కాలానికి అది చాలా పెద్దది. ఇంకా ఎక్కువ విద్యుత్తు రాబట్టాలని పలకల పక్కన అద్దాలు పెట్టి అదనపు ఎండను వాటిమీదికి మళ్ళించారు. కొద్ది సంవత్సరాల్లోనే పలకల లోపల పసుపు రంగు కనిపించింది. తర్వాత అది గోధుమరంగుకు తిరిగింది. ఉత్పత్తి పడిపోయింది. చివరకు 1990లలో ఆ కేంద్రాన్ని విప్పేసి పలకలను సెకండ్‌హ్యాండ్ బజారులో అమ్మేశారు.

కారణం వెతికారు. గాజుకూ ఘటాలకూ మధ్య ఇ.వి.ఎ. అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఘటాలను అంటిపెట్టుకుని, తేమ తగలకుండా కాపాడటం దాని పని. తీవ్రమైన ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి రెండూ కలిసి ఆ పొరలోని రసాయనాలను మార్చివేశాయి. రంగు మారడంతో పాటు వెనిగర్‌లో ఉండే ఆమ్లం లోపల పుట్టి లోహపు తీగలను తినడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇ.వి.ఎ. తయారీలో కలిపే పదార్థాలను మార్చారు. ఆ కిరణాలను అడ్డుకునే గాజును కొందరు వాడారు. నేడు మన పలకలు తొందరగా పసుపెక్కకుండా ఉన్నాయంటే, కారిసా మైదానంలో ఎవరో రంగు మారుతున్నదని గమనించి కాగితం మీద పెట్టడమే కారణం. ఆ మొదటి గుర్తును పట్టుకున్నది మనిషి కన్ను. యంత్రాలు తర్వాత వచ్చాయి.

25 సంవత్సరాల లెక్క

ఈ అనుభవాలన్నిటి సారం 1993లో అంతర్జాతీయ ప్రమాణంగా అచ్చయింది. దాని పేరు ఐ.ఇ.సి. 61215. మీ పలక వెనుక చీటీ మీద ఈ అంకె ఉంటుంది. వీలైతే చూడండి. ఆ ప్రమాణం ప్రకారం నమూనా పలకను మైనస్ 40 డిగ్రీల నుంచి 85 డిగ్రీల వరకు 200 సార్లు చల్లార్చి వేడి చేస్తారు. 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచుతారు. 25 మిల్లీమీటర్ల మంచు గుండ్లతో కొడతారు. ఇన్ని పరీక్షలున్న ఆ పట్టికలో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? మంచి వెలుతురులో పెట్టి కంటితో చూడటం. ఒక్కొక్క పరీక్ష ముగిశాక మళ్ళీ కంటితో చూడటం.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ పరీక్షలో నెగ్గిన పలక 25 ఏళ్ళు బతుకుతుందని ఆ ప్రమాణం ఎక్కడా హామీ ఇవ్వదు. తయారీలోనే బలహీనంగా ఉండి తొలి సంవత్సరాల్లో పోయేవాటిని ఏరివేయడం దాని ఉద్దేశం. ఉద్యోగంలో చేరేటప్పుడు మనకు చేసిన మెడికల్ పరీక్ష లాంటిది. ఆ రోజు ఫిట్ అని రాసినంత మాత్రాన రిటైరయ్యేదాకా బి.పి. రాదని కాదు కదా!

25 సంవత్సరాల మాట అమ్మేవారి గ్యారంటీ పత్రంలోది. అందులో రెండు వేరు వేరు గ్యారంటీలు ఉంటాయి. మొదటిది వస్తువు గ్యారంటీ. పగుళ్ళు, ఊడిపోవడం వంటి తయారీ లోపాలకు ఇది వర్తిస్తుంది. సాధారణంగా 10 నుంచి 12 ఏళ్ళు ఉంటుంది. రెండవది సామర్థ్యపు గ్యారంటీ. 25 ఏళ్ళ తర్వాత కూడా సుమారు 80 శాతం శక్తి మిగిలి ఉంటుందనేది దాని అర్థం. ఇన్వర్టరు గ్యారంటీ ఈ రెండింటికన్నా తక్కువ కాలమే ఉండటం మామూలు. సామర్థ్యం తగ్గిందని మనం రుజువు చూపకపోతే రెండవ గ్యారంటీ కాగితంగానే మిగులుతుంది. రుజువు కావాలంటే లెక్క ఉండాలి. లెక్క ఉండాలంటే ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి.

ప్రపంచవ్యాప్తంగా సుమారు 2,000 కొలతలను పోగుచేసి అమెరికా శాస్త్రజ్ఞులు జోర్డన్, కర్ట్జ్ ప్రచురించిన సమీక్షలో పలకల సామర్థ్యం ఏటా తగ్గే రేటు మధ్యస్థంగా 0.5 శాతం అని తేలింది. ఆ లెక్కన 25 ఏళ్ళకు పోయేది 12 శాతం చిల్లర. ఇది ధైర్యం ఇచ్చే సంగతే. కాని అది అన్ని రకాల వాతావరణాలకూ కలిపి తీసిన లెక్క. మనది వేడి దేశం.

మన దేశపు లెక్క

మన దేశంలో సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1977లో తొలి సౌర ఘటాన్ని, 1978లో తొలి సౌర పలకను తయారు చేసింది. 1982లో కేంద్రంలో సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖ ఏర్పడింది. 1992లో అది ప్రత్యేక మంత్రిత్వ శాఖ అయింది. ఆ దశకంలో మన పల్లెల్లో సౌర వీధిదీపాలు, లాంతర్లు కనిపించడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెట్టిన రోజు పండుగే. రెండు మూడేళ్ళకు బ్యాటరీ పోయి, స్తంభం మీద పలక ఒక్కటే ఎండకు ఎండుతూ ఉండేది. పలక బాగానే ఉన్నా దాన్ని చూసే బాధ్యత ఎవరిదో తేలకపోవడంతో అలాంటివి నేను చాలా ఊళ్ళలో చూశాను.

2010 జనవరిలో జాతీయ సోలార్ మిషన్ మొదలైంది. అప్పుడు 2022 నాటికి 20,000 మెగావాట్లు లక్ష్యం. 2015లో దాన్ని లక్ష మెగావాట్లకు పెంచి, అందులో 40,000 మెగావాట్లు మిద్దెల మీద రావాలన్నారు. దేశంలో మొత్తం సౌర సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది.

ఇన్ని పలకలు పెడుతున్నారు సరే, పెట్టినవి ఎలా ఉన్నాయి? ఈ ప్రశ్న వేసినవారు బొంబాయి ఐ.ఐ.టి.లోని జాతీయ కేంద్రం వారు. జాతీయ సౌరశక్తి సంస్థతో కలిసి 2013లో దేశం నలుమూలలా తిరిగి పలకల అఖిల భారత సర్వే చేశారు. ఆ తర్వాత 2014, 2016, 2018 సంవత్సరాల్లోనూ చేశారు. రాజస్థాన్ ఎడారి నుంచి లడఖ్ చలి దాకా వెళ్ళి, పట్టిక పట్టుకుని, ఒక్కొక్క పలకను చూసి, కొలిచి రాశారు. తేలిన ముఖ్య విషయాలు రెండు. వేడి ప్రాంతాల్లో పలకలు చల్లని ప్రాంతాల కన్నా త్వరగా క్షీణిస్తున్నాయి. నేల మీద పెట్టిన పెద్ద కేంద్రాల కన్నా మిద్దెల మీది చిన్న ఏర్పాట్లు త్వరగా క్షీణిస్తున్నాయి.

ఈ రెండూ కలిసేది మన ఇంటి మీదే. మిద్దె దగ్గర గాలి ఆడక పలక మరింత వేడెక్కుతుంది. చిన్న పని గనుక అమర్చేవారి శ్రద్ధా తక్కువే. మెట్ల మీద మోసేటప్పుడు తగిలిన దెబ్బలకు, బిగించేటప్పుడు పలక మీద మోకాలు పెట్టి ఆనడానికి, ఘటాల్లో కంటికి కనిపించని సన్నని పగుళ్ళు ఏర్పడతాయి. 2016లో నంబులపూలకుంటలో మొదలైన పెద్ద సౌర కేంద్రాల్లాంటి చోట్ల ఇంజనీర్లుంటారు, కడిగేవాళ్ళుంటారు. మన మిద్దె మీద చీఫ్ ఇంజనీరూ మనమే, హెల్పరూ మనమే.

అనంతపురం ఎండలో

మన అనంతపురం ప్రాంతంలో సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే పలకలను కడిగిపెట్టే వానలు తక్కువ, నెలల తరబడి దుమ్ము పేరుకోవడం ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో గాలి వేడి 40 డిగ్రీలు దాటితే పలక వేడి 70 డిగ్రీల దాకా పోతుంది. పలక మీద రాసిన వాట్లు 25 డిగ్రీల వద్ద కొలిచినవి. అక్కడి నుంచి ప్రతి డిగ్రీకి మామూలు సిలికాన్ పలక సుమారు 0.4 శాతం శక్తి కోల్పోతుంది. కొత్త రకాల్లో 0.3 శాతం ఉండవచ్చు. 45 డిగ్రీలు ఎక్కువైతే 18 శాతం. 3 కిలోవాట్ల ఏర్పాటు ఆ సమయానికి రెండున్నర కిలోవాట్లకు కొంచెం తక్కువే ఇస్తుంది. అందుకే మే నెల మండుటెండలో కన్నా ఫిబ్రవరి, మార్చిలో మధ్యాహ్నపు ఉత్పత్తి బాగుంటే ఆశ్చర్యపడి ఇన్వర్టరు పాడైందని కంగారుపడవద్దు. ఇది జబ్బు కాదు, స్వభావం.

జబ్బులు వేరే ఉన్నాయి. ఆషాఢంలో మన దగ్గర వీచే గాలి సంగతి మీకు చెప్పనక్కరలేదు. రామగిరి కొండల మీద 1990లలో గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే. అదే గాలి మిద్దె మీది పలకలను కిందినుంచి ఎత్తుతుంది. నెలల తరబడి ఊగిన క్లాంపుల బోల్టులు వదులవుతాయి. ఇక మన బోరు నీళ్ళు. వాటితో కడిగి ఎండకు వదిలేస్తే గాజు మీద తెల్లని ఉప్పు పొర కడుతుంది. దుమ్ము తుడిస్తే పోతుంది గాని ఆ పొర అంత సులభంగా పోదు.

వదినమ్మ ఇంటి మిద్దె

కిందటేడు మన సంఘంలోని ఒక ఫ్యామిలీ పెన్షనరు నాకు ఫోను చేశారు. నాతోపాటు పనిచేసి కాలం చేసిన సీనియర్ మిత్రుని భార్య, నాకు వదినమ్మ వరస. "ఏం నాయనా, పైన అద్దాలు ఉత్తగా ఎండుతాండాయా ఏమి? బిల్లు మళ్ళా వస్తాండాదే!" అన్నారు. మూడేళ్ళ కింద లోను తీసి పెట్టించిన 3 కిలోవాట్ల ఏర్పాటు అది. ఫ్యామిలీ పెన్షనులో నుంచి లోను కంతు ఇంకా కడుతున్నారు. పైన కరెంటు బిల్లు కూడా మొదలైంది. పెట్టిన సంస్థవారు ఏటా వచ్చి ఒక కాగితం మీద సంతకం తీసుకుని పోతున్నారు. ఆ కాగితాలు తెమ్మన్నాను. రెండేళ్ళవీ ఉన్నాయి. అన్ని గడుల్లోనూ 'బాగుంది' అని టిక్కు. "వాళ్ళు మిద్దె ఎక్కినారా వదినా?" అంటే, "ఎండలో ఎందుకని కిందనే రాసుకున్న్యారు నాయనా" అన్నారు.

మొదటి ఏడాది మార్చిలో రోజుకు 12 యూనిట్లు వచ్చినట్లు ఆమె మనవరాలు క్యాలెండరు మీద రాసిపెట్టింది. నేను చూసేనాటికి 8 వస్తున్నాయి. మాకు తెలిసిన కుర్ర ఎలక్ట్రీషియన్‌ను మిద్దె మీదికి పంపి సెల్‌ఫోనులో ఫోటోలు తీయించాను. గాజు పై భాగమంతా శుభ్రంగానే ఉంది. కింది అంచున మాత్రం, ఫ్రేము గట్టుకు ఆని, నాలుగు వేళ్ళ వెడల్పున బురద గట్టిపడి ఉంది. అన్ని పలకలకూ అంతే. వాలు తక్కువగా పెట్టినందువల్ల మంచుకు, చినుకుకు జారిన దుమ్మంతా అక్కడ ఆగిపోయింది.

'నాలుగు వేళ్ళ బురదకు నాలుగు యూనిట్లు పోతాయా?' అని మీరడగవచ్చు. పోతాయి. ఆ రకం పలకలోని ఘటాలన్నీ సీరీస్‌లో ఉంటాయి. సీరీస్‌లో అన్నిటిలోనూ ఒకటే కరెంటు. కింది వరుస ఘటాల్లో మూడో వంతు కప్పబడితే వాటి గుండా మూడో వంతు కరెంటు తగ్గుతుంది. పైన ఘటాలు ఎంత శుభ్రంగా ఉన్నా అవీ అంతే ఇవ్వగలవు. నీళ్ళ పైపును ఒక్కచోట నొక్కినట్లే. నిలువుగా నిలబెట్టిన పలకల్లో ఆ కింది వరుస అన్ని భాగాలకూ చెందినది కనుక బైపాస్ డయోడ్లు కూడా ఆదుకోలేవు. 12లో మూడో వంతు 4. లెక్క సరిపోయింది.

తెల్లవారుజామున నీళ్ళతో నానబెట్టి, మెత్తని గుడ్డతో తుడిపించాం. మూడో రోజుకు పదకొండున్నర యూనిట్లు వచ్చాయి. అదే ఫోటోల్లో మరొకటి కనిపించింది. ఫ్రేము నుంచి దిగే ఎర్తింగ్ తీగ బోల్టు ఊడి గాలికి ఊగుతోంది. ఇది యూనిట్లకు సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది. సంస్థవారికి రాతపూర్వకంగా, ఫోటోలు జతచేసి, రోజువారీ యూనిట్ల లెక్కతో సహా పంపించాం. వారంలోగా వచ్చి ఎర్తింగ్ సరిచేశారు. ఈసారి మిద్దె ఎక్కారు.

మనం చేయవలసింది

సూర్యఘర్ పథకం కింద పెట్టించుకున్నవారికి, అమర్చిన సంస్థ 5 సంవత్సరాలు నిర్వహణ చూడాలి. అది మన హక్కు. ఆ హక్కును వాడుకోవడానికి నాకు తోచిన పద్ధతి చెబుతాను.

మొదటిది రిజిస్టరు. మనం జీవితమంతా రిజిస్టర్లు రాసినవాళ్ళం. ఒక పాత డైరీ తీసుకుని రోజూ సాయంత్రం ఇన్వర్టరు మీద కనిపించే యూనిట్లు రాయండి. ఎండ కాచిన రోజున కిలోవాటుకు సుమారు 4 యూనిట్లు రావాలి. ఈ నెల లెక్కను పోయిన నెలతో కాక, పోయిన సంవత్సరం ఇదే నెలతో పోల్చండి. పక్కింటివారికీ పలకలుంటే వారితోనూ పోల్చండి. అందరికీ తగ్గితే మబ్బు, మనకే తగ్గితే జబ్బు.

రెండవది కన్ను. ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలానికి ముందు ఒకసారి, ఆషాఢపు గాలులు తగ్గాక ఒకసారి, ఎవరి చేతనైనా దగ్గరగా ఫోటోలు తీయించండి. గాజు పగిలిందా, లోపల పసుపు రంగు గాని, నత్త పాకినట్లు సన్నని గీతలు గాని ఉన్నాయా, ఎక్కడైనా కాలిన మచ్చ ఉందా చూడండి. వెనుక తెల్లని పొర పగిలి పొడి రాలుతున్నదా, తీగల కనెక్టర్లు కరిగాయా, ఉడుత గాని ఎలుక గాని తీగ కొరికిందా, బోల్టులు, ఎర్తింగ్ బిగువుగా ఉన్నాయా చూడండి. కొత్తగా కట్టిన నీళ్ళ ట్యాంకు, పెరిగిన కొబ్బరిచెట్టు నీడ పడుతున్నదేమో కూడా గమనించండి. కిందటి ఫోటోల పక్కన పెట్టి చూస్తే మార్పు తెలుస్తుంది.

మూడవది కడగడం. ఎండ ఎక్కకముందే, పలక చల్లగా ఉన్నప్పుడు కడగాలి. మధ్యాహ్నం కాగిన గాజు మీద చన్నీళ్ళు పోస్తే పగలవచ్చు. ఉప్పునీళ్ళయితే వెంటనే తుడవాలి. వాననీళ్ళు పట్టి ఉంచుకుంటే ఇంకా మంచిది. సబ్బుపొడి, గీరే పీచు వద్దు. పలక మీద కాలు పెట్టరాదు.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం. 70 దాటినవాళ్ళం మనం నిచ్చెన ఎక్కవద్దు. నాలుగు యూనిట్ల కోసం తుంటి ఎముక విరగ్గొట్టుకోవద్దు. ఇంకొక సంగతి. ఇంటి మెయిన్ ఆపితే ఇంట్లో కరెంటు పోతుంది గాని, వెలుతురు ఉన్నంతసేపూ పలకల నుంచి వచ్చే తీగల్లో విద్యుత్తు ఉంటూనే ఉంటుంది. వరుసగా కలిపిన పలకల్లో అది 300 వోల్టులు దాటవచ్చు, అదీ డి.సి. కనెక్టరు పీకితే నిప్పురవ్వ ఆరకుండా సాగుతుంది. అది తెలిసినవాడి పని. మనవలను పలకల కింద ఆడనివ్వకండి.

మనం బతికి ఉన్నామని ఏటా కాగితం ఇస్తేనే పెన్షను వస్తుంది. ఇది చిన్నతనమని కొందరు నొచ్చుకుంటారు. నేను నొచ్చుకోను. ఏడాదికి ఒకసారైనా ఎవరో మన ముఖం చూసి ఉన్నాడని రాసుకుంటున్నారు. మిద్దె మీద ఎండకు ఎండుతూ మన బిల్లు కడుతున్న ఆ పలకలకు కూడా అంతమాత్రం చేద్దాం. కింద కూర్చుని టిక్కు పెట్టిన కాగితాన్ని లైఫ్ సర్టిఫికెట్‌గా ఒప్పుకోకండి.

రిజిస్టరు ఎలా గీసుకోవాలో తెలియనివారు నెలవారీ సమావేశానికి వచ్చినప్పుడు నన్ను అడగండి. నమూనా కాగితాలు తెచ్చి ఇస్తాను.